కంచరగాడిద గీసిన వీధి

ఆ ఊరి రాజుకు కోపం ముక్కు మీదే ఉండేదట. ఎన్ని వందల ఏళ్ల కిందటి మాటో గానీ, ఆ కోపం ఇవాళ్టికీ జనాన్ని బస్సుల్లో పడదోస్తూనే ఉంది.

సంగతేమిటంటే, రాజు కొత్తగా రాజధాని కట్టుకుంటూ కోట గుమ్మం నుంచి ఏటి ఒడ్డు దాకా ఒక రాజవీధి వెయ్యమన్నాడు. మేస్త్రీలు తాళ్లు పట్టుకుని వచ్చి, ఇటు నుంచి లాగాలని ఒకడు, అటు నుంచి లాగాలని ఒకడు, నువ్వెంత అంటే నువ్వెంత అని కొట్టుకున్నారు. రాజు వేసవంతా ఓపిక పట్టాడు. వానలు మొదలైనా గీత పడకపోయేసరికి ఒళ్లు మండి, "మీకంటే నా కంచరగాడిద నయం" అని దాని వీపు మీద చిల్లు పడ్డ సున్నం బస్తా ఒకటి కట్టించి కోట గుమ్మం ముందు వదిలేశాడు. అది ఎటు పోతే అటు సున్నం గీత పడింది. పాపం, రాజధాని అంటే దానికేం తెలుసు? కాసేపు గడ్డి చూసుకుంది, కాసేపు నీడ చూసుకుంది. ఒకచోట ఒళ్లు దురద పెట్టి, ఓ బండరాయికి వీపు రాసుకుని, ఎందుకొచ్చిందో మర్చిపోయి వెనక్కి తిరిగి, అంతలో ఏటి వాసన తగిలి మళ్లీ ముందుకు పరిగెత్తింది. మంత్రులు తలలు పట్టుకున్నారు. రాజు మీసం దువ్వుకుని, "నా మాట వంకర పోకూడదు గానీ వీధి వంకర పోతే ఏం?" అన్నాడట. అంతే, ఆ గీత మీదే వీధి లేచింది, వీధి వెంట మేడలు లేచాయి.

మలుపుల్లో రాజుగారి రథం మీదికొచ్చి జనం నలిగిపోతుంటే మళ్లీ ఆయనకే జాలేసి ఓ కట్టడి చేశాడు. ఎడమ మలుపుకు ముందు బూర ఒకసారి ఊదాలి. కుడి మలుపుకు రెండుసార్లు. గాడిద వీపు రాసుకున్నచోట మూడుసార్లు. తర్వాత రాజు పోయాడు, రాజ్యం పోయింది, కోట గుమ్మం పావురాల పాలైంది. బూర మాత్రం పోలేదు, వేషం మార్చింది. గుర్రబ్బండి వాళ్ల నోట్లో కేకయింది, ఆ తర్వాత బస్సు హారన్ అయింది.

ఆ ఊరి బస్సు మీరు ఎక్కి చూడాలి! హారన్ ఒకసారి మోగిందా, ఎక్కినవాళ్లంతా ఎడమకు వాలతారు. రెండుసార్లు మోగిందా, కుడికి వాలతారు. మాటలు ఆగవు, తింటున్నవాళ్లు తినడం ఆపరు, ఒళ్లు మాత్రం వాలుతుంది. ఇది ఎవరూ నేర్పరు, ఉయ్యాల్లో ఉండగానే వచ్చేస్తుంది. వీధి పక్క గడ్డం గీసే ఆయన హారన్ వినగానే కత్తి పైకి ఎత్తేస్తాడు, ఎందుకంటే కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి వాలక మానడు. సినిమాహాల్లో తెర మీద లారీ హారన్ కొడితే హాలంతా ఎడమకు ఒరుగుతుంది. ఇక కంచరగాడిద మలుపు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎడమకు వాలి, కుడికి మారి, మళ్లీ ఎడమకు రావాలి, అదీ ఊపిరి తీసుకునేలోపు. పుట్టి పెరిగినవాళ్లే అక్కడ తడబడి ఒకరి మీద ఒకరు పడతారు. ఆ ఊళ్లో సగం పెళ్లిళ్లు ఆ మలుపు చేసినవే. పెళ్లిచూపులకు పోయి నచ్చిందనీ నచ్చలేదనీ చెప్పే తంటా లేదు. పడ్డవాళ్లు లేవడానికి ఎంతసేపు తీసుకున్నారన్నదాన్ని బట్టి బస్సంతా తేల్చేస్తుంది.

అలాంటి ఊళ్లో ఎన్నడూ కింద పడని మనిషి ఒకరుంటే పేరు పెట్టకుండా వదులుతారా? పెట్టారు. స్తంభం.

స్తంభం ఆ వీధి బస్సులో కండక్టరు. సన్నగా, పొడుగ్గా, భుజాన తోలు సంచీతో, ఏ రాడ్డూ పట్టుకోకుండా బస్సు ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి టికెట్లు కొట్టేది. వాళ్లమ్మ అదే వీధిలో నెత్తిన గుడ్ల గంప పెట్టుకుని అమ్మిన మనిషి. "పడ్డావంటే గుడ్లొక్కటే కాదే, పరువూ పగులుతుంది" అంటూ కూతుర్ని నడిపించింది. అమ్మ పోయింది గానీ ఆ నడక కూతురి కాళ్లలో ఉండిపోయింది. ఆ నడకంటే ఆమెకు గర్వం, దాచుకునేంత గర్వం కూడా కాదు. డ్రైవరు ఆమె చెల్లెలి మొగుడే. అప్పట్లో చెల్లెలు కంచరగాడిద మలుపులో ముందు సీటు నుంచి ఎగిరి గేరు రాడ్డు మీద పడింది. ఆ రాడ్డు మీద అప్పటికే చెయ్యి వేసి ఉన్నవాడు ఇవాళ స్తంభానికి మరిది. ముగ్గురూ ఓ బట్టల షాపు పైన రెండు గదుల్లో ఉంటారు. ముందు గదిలో చెల్లెలి కుట్టుమిషను, వెనక గదిలో అక్క మంచం.

మరి అక్కకు సంబంధాలు రాలేదా అంటే, వచ్చాయి. ఒకాయన ఆమె మీద పడాలని పట్టుదలగా వచ్చి ఆ మలుపులో ఎగిరాడు. ఆమె అలవాటుగా పక్కకు తప్పుకుంది. ఆయన చేపల బుట్టలో పడ్డాడు. ఆ తర్వాత ఇంకెవరూ సాహసించలేదు. ఆమెకు నలభై దగ్గర పడుతోంది, అందుకు ఆమె ఏమీ దిగులు పడనూ లేదు.

ఇలా ఉండగా ఒక ఉదయం ఓ కొత్త మనిషి బస్సెక్కాడు. గట్టి భుజాలు, ఎండకు కమిలిన మొహం, చేతిలో టిఫిన్ డబ్బా.

"ఆ రాడ్డు పట్టుకోండి" అంది స్తంభం.

"ఎందుకండీ? ఫరవాలేదండీ" అన్నాడు.

హారన్ మూడుసార్లు మోగింది. బస్సంతా ఎడమకు వాలింది. ఆయన ఒక్కడూ నిటారుగా నిలబడి, "ఏమైంది వీళ్లకి?" అన్నట్టు చూశాడు. మరుక్షణం ఆయన గాల్లో ఉన్నాడు. స్తంభం కుడిచేత్తో ఓ ముసలమ్మకు టికెట్ ఇస్తూనే ఎడమచేత్తో ఆయన కాలరు దొరకబుచ్చుకుంది. బస్సు కుడికి, ఎడమకు తిరిగి వీధిలో పడేదాకా అలాగే పట్టుకుని, తీరిగ్గా అడిగింది.

"ఎక్కడికి టికెట్?"

"కిందికి దింపితే చాలండీ" అన్నాడాయన.

బస్సులో నవ్వని మనిషి లేడు. స్తంభం మాత్రం నవ్వలేదు. "ఊరికి కొత్తా?" అంది.

"అవునండీ. ఊరి బయట తిన్నని రోడ్డు వేస్తున్నారు కదండీ, అక్కడ రోలరు నడుపుతాను."

"రోలరు నడిపేవారికి నిలబడటం రాదా?"

"మా బండి మలుపు తిరగాలంటే ముందురోజే చెప్పాలండీ. ఒంటికి అలవాటు లేదు."

అప్పుడూ నవ్వలేదామె. సాయంత్రం డిపోలో కుళాయి దగ్గర మొహం కడుక్కుంటూ "ముందురోజే చెప్పాలట!" అని తనలో తనే అనుకుని, నీళ్లు పొలమారేలా నవ్వింది. పక్క బస్సు కండక్టరు కంగారుపడి నెత్తి మీద చరిచాడు.

ఆ రోజు నుంచి రోలరాయన పొద్దునా సాయంత్రం అదే బస్సు. పొద్దునా సాయంత్రం అదే పడటం. ఆమె చెయ్యి కొన్నాళ్లు కాలరు మీద ఉండి, కాలరు చిరిగాక మోచేతికి దిగింది. వెనక గుమ్మం దగ్గరి రాడ్డు పక్క జాగా ఆయనకని జనమే వదిలేయడం మొదలెట్టారు. ఆయన కబుర్లు ఆయన బండి లాగే నెమ్మదిగా నడిచేవి. కోళ్లు రోలరుకు భయపడవట, పోలీసుల్లా ముందు నడుస్తాయట. రోడ్డు పూర్తయ్యేదాకా దాని ఏటి వైపు చివర డేరాలో పడుకుని, పనికి అటు చివరికి ఈ బస్సులోనే పోతాడట. పూర్తయిన మర్నాడే ఇంకో ఊరికి పొమ్మంటారు కాబట్టి, తను చదును చేసిన రోడ్డు మీద ఎన్నడూ ప్రయాణం చెయ్యలేదట.

"ఒక్కదాని మీదా?" అంది ఆమె.

"ఒక్కదాని మీదా లేదండీ. వంట చేసి పెట్టి తినకుండా పోయినట్టే."

ఆ మాటకు ఆమె టికెట్ల కట్ట మీంచి తలెత్తి ఆయన్నే చూసింది. ఓ పెద్దాయనకు ఇవ్వాల్సిన టికెట్ పక్కావిడకు ఇచ్చింది. బస్సు మొత్తం అది చూసింది. ఆ ఊళ్లో అంతకంటే పెద్ద వార్త అక్కర్లేదు. గడ్డం గీసే ఆయన ఓ సాయంత్రం వెనక సీట్లోంచి గొంతెత్తి, "ఏమర్రా, మన స్తంభానికి తీగ పాకుతోంది, చూశారా?" అన్నాడు. బస్సు పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది.

స్తంభానికి చెవుల దాకా రక్తం ఎక్కింది. సిగ్గో కోపమో తేల్చుకునేలోపే నోరు జారింది. చేతిలో ఉన్న మోచేతిని విసిరికొట్టి, "ఇన్నాళ్లయినా నిలబడటం రాకపోతే ఎలాగండీ? నేనేమన్నా రాడ్డునా, రోజూ నన్ను పట్టుకుని వేళ్లాడటానికి?" అంది.

బస్సు నవ్వు ఆగిపోయింది. రోలరాయన డబ్బా ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుని, "క్షమించండి" అన్నాడు.

మర్నాడు హారన్ మూడుసార్లు మోగింది. ఆమె చెయ్యి దానంతటదే ముందుకు పోయింది. రోలరాయన ఎడమకు వాలాడు, కుడికి మారాడు, మళ్లీ ఎడమకు వచ్చి ఆ ఊళ్లో పుట్టినవాడిలా నిలబడ్డాడు. ముందుకు పోయిన చెయ్యి దారి తప్పి వెనక్కొచ్చి ఆమె చెవినే గోక్కుంది.

"నేర్చేసుకున్నారే!" అంది.

"మీ దయండీ" అన్నాడు.

ఆయన ఆ తర్వాత ఒక్కసారీ పడలేదు. కబుర్లూ తగ్గాయి. పట్టుకోడానికి ఎవరూ లేని మనిషి చెయ్యి ఎంత బరువుగా ఉంటుందో ఆమెకు అప్పుడు తెలిసింది. ఇంట్లో రెండు గ్లాసులు పగలగొట్టింది. మరిదిని ఊరికే తిట్టింది. ఆఖరికి ఓ సాయంత్రం చెల్లెలి మిషను పక్కన కూలబడి, "దొంగ మొహంగాడు, అంత బాగా ఎందుకు నేర్చుకున్నాడే?" అంది.

చెల్లెలు మిషను ఆపింది. "అక్కా! పడిపోయావా?"

"నేనా? నేనెక్కడ పడ్డాను?"

"అదేనే నీ రోగం. వచ్చేవారం రోడ్డు తెరుస్తారు. మర్నాడే ఆయన రోలరెక్కి పోతాడు. ఈలోగా చెప్పు."

"ఏమని చెప్పను? మీరు పడటం మానేశారు, నాకు ఒంట్లో బాగోలేదు అనా?"

"అదే చెప్పు!"

"చంపుతాను."

"అయితే పడు. ఈ ఊళ్లో చెప్పలేనివాళ్లంతా చేసేది అదేగా. ఆయన పక్కన నిలబడు, మలుపు రాగానే ఆయన మీద పడు. మిగతాది జనమే చూసుకుంటారు."

ఆ ఆలోచన స్తంభానికి నచ్చింది. నచ్చి, మంచం ముందు నిలబడి అభ్యాసం మొదలెట్టింది. చెల్లెలు నోటితో "పాం! పాం! పాం!" అంటుంది. స్తంభం కళ్లు మూసుకుంటుంది, పడాలనుకుంటుంది, కాళ్లు మాత్రం ఎడమా కుడీ ఎడమా సర్దుకుని ఆమెను నిలబెట్టేస్తాయి. చెల్లెలు తోసి చూసింది. మంచం కదిలింది గానీ అక్క కదల్లేదు.

"ఇవి నా కాళ్లు కావే! అమ్మ కాళ్లు!" అని స్తంభం మంచం మీద కూర్చుని తల పట్టుకుంది. చెల్లెలు నవ్వలేక చచ్చిపోయింది. కాసేపటికి స్తంభమూ నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

మరిది సంగతంతా విని ఛాతీ విరుచుకున్నాడు. "వదినా, ఈ విషయం నాకొదిలెయ్. రేపు నేను తిప్పే తిప్పుడుకి ఏనుగైనా పడాల్సిందే." అన్నట్టే తిప్పాడు. కంచరగాడిద మలుపు పుట్టిన దగ్గర్నుంచి అలాంటి తిప్పుడు చూసి ఉండదు. ముసలమ్మలు పడ్డారు. గడ్డం గీసే ఆయన పడ్డాడు. ఓ పెద్దాయన కట్టుడుపళ్లు ఎగిరొచ్చి స్తంభం సంచీలో పడ్డాయి. రోలరాయన రాడ్డు పట్టుకుని ఉయ్యాలూగి నిలదొక్కుకున్నాడు. స్తంభం ఒక్కతీ, నేల మీద పాతినట్టు, పడదామని కళ్లు మూసుకుని నిలబడే ఉంది.

"మీరు భలే నిలబడతారండీ" అన్నాడు రోలరాయన ఎంతో మెచ్చుకోలుగా. ఆమెకు ఏడుపొక్కటే తక్కువ.

రోడ్డు తెరిచే రోజు రానే వచ్చింది. ఊరి వంకర చరిత్రకు ఇవాళ్టితో సెలవని మేయరు ఉపన్యాసమిచ్చి రిబ్బను కత్తిరించాడు. మొదటి ప్రయాణం మన బస్సుదే. మేయరు ముందు సీట్లో కూర్చున్నాడు. వీధి వాళ్లంతా, చెల్లెలితో సహా, ఎగబడి ఎక్కారు. రోలరాయన ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి, వెనక గుమ్మం దగ్గరి రాడ్డు పక్కనే నిలబడ్డాడు.

"రేపు పొద్దున్నే ప్రయాణమండీ. పోయేముందు ఒక్కసారి నా రోడ్డు మీద నేనూ పోదామని వచ్చాను" అన్నాడు.

"మంచిది" అంది స్తంభం. ఇంకేదో అనబోయింది. విజిల్ ఊదింది.

బస్సు బయల్దేరింది. రోడ్డు అద్దంలా ఉంది. ఓ చిన్న కుదుపు లేదు, ఓ వంపు లేదు. ఊరు దాటేసరికి జనం మొహాలు మాడటం మొదలైంది. ఒకావిడ "ఇదేమిటర్రా, కళ్లు తిరుగుతున్నాయి" అంది. "నాకూ" అన్నారు ఇంకెవరో. పుట్టాక ఒక్క మలుపు లేకుండా అంతదూరం పోయిన మనిషి ఆ బస్సులో లేడు. గడ్డం గీసే ఆయనకు వికారమెత్తి కిటికీలోంచి తల బయట పెట్టాడు. మేయరు చెమట తుడుచుకుంటూ "అభివృద్ధి" అన్నాడు.

రోలరాయన మాత్రం కిటికీలోంచి రోడ్డునే చూస్తున్నాడు. స్తంభం ఆయన్ని చూస్తోంది. ఈ రోడ్డు అయిపోతుంది, ఈ మనిషి పోతాడు, నా నోరు పడిపోయింది, నా కాళ్లు పడనివ్వవు అనుకుంది.

ఏటి వంతెన ముందు రోడ్డు మధ్యలో ఓ కుక్క పడుకుని ఉంది. కొత్త తారు వెచ్చగా ఉందో ఏమో, హాయిగా నిద్రపోతోంది. మరిది బస్సు నెమ్మది చేసి హారన్ కొట్టాడు. కుక్క చెవి ఆడించింది. మళ్లీ కొట్టాడు. తోక ఆడించింది. మరిదికి ఒళ్లు మండి, ఈసారి గబగబా మూడుసార్లు కొట్టాడు.

చూడాలి ఆ చోద్యం! మొదటి హారన్‌కు బస్సంతా ఎడమకు వాలింది. రెండోదానికి మళ్లీ ఎడమకే వాలింది. ఆ మూడు హారన్లకు, ఎన్నో వందల ఏళ్ల రాజాజ్ఞ ఒక్కసారి నెత్తిన పడ్డట్టు, ఊరు ఊరంతా ప్రాణం పెట్టి కంచరగాడిద మలుపుకు వాలింది. తీరా చూస్తే మలుపు లేదు. ఆదుకోవాల్సిన బస్సు అటు తిరగలేదు. సీట్లలో ఉన్నవాళ్లు ఒకరి ఒళ్లోకి ఒకరు, నిలబడ్డవాళ్లు నేల మీదికి. మేయరు చెల్లెలి ఒళ్లో పడ్డాడు. ఆ ఊళ్లో అందరికంటే బాగా వాలగలిగిన మనిషి ఎవరు? స్తంభమే. అందరికంటే గట్టిగా వాలింది. అమ్మ కాళ్లు ఆ మలుపునంతా నమ్మి ఎడమకు పోయాయి, పోయినవి తిరిగి రాలేదు. జీవితంలో మొదటిసారి ఆమె పడింది.

నేల మీద కాదు. ఆ బస్సులో వాలని మనిషి ఒక్కడే ఉన్నాడు. అక్కడ మలుపు లేదని అంగుళం అంగుళం తెలిసినవాడు. ఆయన డబ్బా వదిలేసి రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఇక్కడ మలుపు లేదండీ" అన్నాడు నెమ్మదిగా. "నేనే చదును చేశాను."

"తెలుసు" అంది స్తంభం ఆయన చొక్కాలోకి. లేవలేదు.

ఆయనకూ ఆమెను లేపాలన్న తొందర లేనట్టుంది. "మీకో మాట చెప్పాలండీ. నేను వచ్చిన నెల తిరక్కుండానే నేర్చుకున్నాను" అన్నాడు.

"ఏమిటి?"

"వాలడం. అంత కష్టమేం కాదు. మీరు పట్టుకుంటున్నారు కదా అని ఊరికే పడుతూ ఉన్నాను."

ఆమె తలెత్తి చూసింది. "మరి ఎందుకు మానేశారు?"

"నేనేమన్నా రాడ్డునా అన్నారు కదండీ."

"బుద్ధి లేదా మీకు!" అని అరిచింది స్తంభం. "నేను సిగ్గుతో అన్నాను! అన్న దగ్గర్నుంచి నాకు అన్నం సయించలేదు, గ్లాసులు నిలవలేదు! వెళ్లొద్దు! వినపడిందా? మీరు వెళ్లొద్దు!"

"వినపడిందమ్మా, మా అందరికీ వినపడింది" అన్నాడు గడ్డం గీసే ఆయన సీటు కిందినుంచి. "ఇక కాస్త మా కాళ్ల మీంచి దిగితే మేమూ లేస్తాం."

బస్సు మళ్లీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ఈసారి ఆమె కూడా నవ్వింది, వీధి వాళ్లంతా వినేలా నవ్వింది. కుక్క అప్పటికి లేచి ఒళ్లు విరుచుకుని, ఎవరో పిలిచినట్టు వంతెన దాటి పోయింది.

రోలరును మర్నాడు ఇంకెవరో తోలుకుపోయారు. తిన్నని రోడ్డు మీద బస్సు కొన్నాళ్లు ఖాళీగా తిరిగి తిరిగి ఆగిపోయింది, కళ్లు తిరుగుతాయని ఎవరూ ఎక్కలేదు. రాజవీధిలో గుంతలు పూడ్చడానికి మునిసిపాలిటీకి ఎప్పుడూ మనిషి కావాలి, ఆ గుంతలు అయ్యేవీ కావు, పూర్తయ్యేవీ కావు. ఆ పనిలో చేరిన మొదటి పొద్దున రోలరాయన డబ్బా పట్టుకుని బస్సెక్కాడు. కంచరగాడిద మలుపు వచ్చింది. హారన్ మూడుసార్లు మోగింది. ఊరంతా వాలింది. ఆయన ఏ రాడ్డూ పట్టుకోకుండా, నిటారుగా, హాయిగా నిలబడి గాల్లోకి ఎగిరాడు.

స్తంభం ఓ ముసలమ్మకు టికెట్ ఇస్తూనే ఎడమచేత్తో కాలరు అందుకుంది.

"ఎక్కడికి టికెట్?" అంది.

"దింపకండి" అన్నాడాయన.